'ప్రళయ చరతార' అనొచ్చా?

ప్రశ్న: పిల్లల సైన్సు పత్రికకు జంట నక్షత్రాల వ్యాసం ఒకటి దిద్దుతున్నాను. 'కాటాక్లిస్మిక్ వేరియబుల్'ని, అంటే ఉన్నట్టుండి వెలుగు పెరిగే ఒక రకం జంట తారను, రచయిత్రి 'ప్రళయ చరతార' అని రాశారు. ప్రళయమంటే సర్వనాశనం కదండీ, ఈ తారలేమో మళ్ళీ మళ్ళీ భగ్గుమంటాయి. 'విస్ఫోట చరతార' అని మార్చనా?

జవాబు: మార్చకండి. గ్రీకు మూలంలో 'కాటాక్లిస్మిక్' అన్న మాటకు అర్థం ముంచెత్తే వరద. పైగా మన పురాణాల్లో ప్రళయం ఒకటి కాదు: నిత్యం, నైమిత్తికం, ప్రాకృతికం, ఆత్యంతికం. బ్రహ్మకు పగలు ముగిసినప్పుడల్లా వచ్చేది నైమిత్తికం, తెల్లారితే మళ్ళీ సృష్టి. ఈ తారలకు సరిపోయే అర్థం అందులోనే ఉంది.

చిక్కంతా 'విస్ఫోటం'తోనే. మరుగుజ్జు నోవాల్లో, అంటే ఈ జాతిలో చిన్నపాటిగా భగ్గుమనే జంటల్లో, అసలు పేలుడే జరగదు. ఎర్ర మరుగుజ్జు (చిన్న, చల్లని తార) నుంచి తెల్ల మరుగుజ్జు (ఇంధనం అయిపోయి కుంచించుకున్న తార) లాక్కున్న వాయువు దాని చుట్టూ పళ్లెంలా తిరుగుతూ పోగవుతుంది. హద్దు మీరగానే వేడెక్కి, వడివడిగా లోపలికి జారుతుంది. మనకు కనిపించేది ఆ వెలుగు. తెల్ల మరుగుజ్జు పైపొరలో హైడ్రోజన్ అంటుకుని పేలేది అసలు నోవాలోనే. ఈ రెండూ ఒకే జాతి కిందికి వస్తాయి కాబట్టి పేరు రెంటికీ చెల్లాలి.

ఇంకొకరు: అర్థం బాగుంది మాస్టారూ, ఒప్పుకుంటాను. మరి మసక తారల మాటేమిటి? డబ్ల్యూజెడ్ సాజిటే అనే మరుగుజ్జు నోవా 1913, 1946, 1978, 2001లలో విజృంభించింది. మిగతా కాలమంతా 15వ మాగ్నిట్యూడ్ (ప్రకాశపు కొలత, అంకె పెరిగేకొద్దీ మసక) దగ్గర, కంటికి ఆనకుండా, దాదాపు 82 నిమిషాలకో చుట్టు తిరుగుతూ ఉంటుంది. విజృంభణ కోసం కాచుక్కూర్చుంటే ఇలాంటివి దొరకవు. ఆకాశాన్ని జల్లెడ పట్టిన స్లోన్ సర్వే వీటిని వర్ణపటంలో, అంటే వెలుగును రంగులుగా విడదీసిన పట్టీలో, పట్టింది. నీలి ఛాయ వల్ల క్వేజార్లేమోనని (దూరపు గెలాక్సీల మెరిసే కేంద్రాలు) ఎంచుకున్న చుక్కల్లో కొన్నిటికి హైడ్రోజన్ రేఖలు నల్లగా కాక వెలుగుతూ, తరచు రెండు శిఖరాలుగా చీలి కనిపించాయి. పళ్లెంలో ఒక పక్క మనవైపు వస్తూ, రెండో పక్క దూరమవుతూ ఉండటమే ఆ చీలికకు కారణం. ఇలా దొరికిన మసక జంటల్లో చాలావాటి పరిభ్రమణ కాలం 80, 86 నిమిషాల మధ్యే పడిందని 2009లో తేలింది. వ్యాసంలో ఈ భాగం తప్పక ఉండాలి. లేకపోతే పిల్లలు ప్రళయాన్నే గుర్తుపెట్టుకుంటారు.

ప్రశ్న అడిగినవారు: సరేనండీ, 'ప్రళయ చరతార' ఉంచేస్తాను. విజృంభణల మధ్య కాలాన్ని వ్యాసంలో 'నిద్రాణ దశ' అన్నారు, అది?

జవాబు: అది మార్చండి. ఆ దశలోనూ వాయువు కారుతూనే ఉంటుంది. 'ప్రశాంత దశ' చాలు.