కాసినో ఓనర్ గతం దాచే థ్రిల్లర్ రాస్తున్నా, లైసెన్సు దగ్గర కథ ఆగిపోయింది

సీరియల్ సుబ్బు:

అందరికీ నమస్కారం. ఒక యాప్‌లో వారం వారం థ్రిల్లర్ సీరియల్ రాస్తున్నాను. కథ ఇదీ. 1977 నవంబర్ 18 రాత్రి, నాగాయలంక దగ్గర ఒక పల్లె. పేకాటలో గొడవై పంతొమ్మిదేళ్ళ కుర్రాడు ఒకణ్ణి పొడిచి చంపేస్తాడు. మర్నాడే దివిసీమ ఉప్పెన. శవం లేదు, సాక్షి లేడు, అసలు ఊరే లేదు. చనిపోయినవాళ్ళ జాబితాలో వీడి పేరు కూడా ఎక్కేస్తుంది. 2001 నాటికి వేరే పేరుతో గోవాలో కాసినో ఓడకి ఓనర్ అవుతాడు. అందరి దృష్టిలో సొంత కష్టంతో పైకొచ్చిన మనిషి.

పది భాగాలు బాగానే చదివారు. ఆ తర్వాత కామెంట్లు మొదలయ్యాయి. "కాసినో లైసెన్సు ఇచ్చేముందు పుట్టుపూర్వోత్తరాలు తవ్వరా?" అని ఒకరు, "గోవాలో అంత ఈజీయా?" అని ఇంకొకరు. నాకు ఏడుగురు రెగ్యులర్ పాఠకులు ఉన్నారు, ఏడుగురూ లాయర్లలాగే ఉన్నారు.

నా డౌట్లు రెండు. అలాంటి గతం ఉన్నవాడు నిజంగా కాసినో నడపగలడా? రెండోది, గతం ఎలా బయటపడాలి? పాత గ్రూప్ ఫోటో దొరికినట్టు రాసుకున్నా కానీ నాకే నచ్చలేదు. కాసినో లోపలి సంగతులు తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

మిల్లు రాజా:

ఫోటో వద్దు బాబూ. పుట్టుమచ్చ, సగం విరిగిన తాయెత్తు, చిన్నప్పటి పాట కూడా వద్దు. ఫైటు ఎన్నో భాగంలో ఉంది?

మాండవి మాజీ:

సుబ్బు గారూ, నేను పంజిం ఓడ మీద డీలర్‌గా చేశాను. ఏ ఓడో చెప్పను. ఇప్పుడు అనకాపల్లిలో మా అత్తగారి బట్టల షాపులో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటున్నా. మీ సీరియల్ మొత్తం మధ్యాహ్నం బేరాల్లేని టైంలో చదివేశాను.

నాకు నచ్చనిది ఒకటే. ఉప్పెనలోంచి కుర్రాణ్ణి తీసి సరాసరి ఓనర్ కుర్చీలో కూర్చోబెట్టారు. మధ్యలో ఇరవై నాలుగేళ్ళు ఏమయ్యాయండీ? "బొంబాయిలో కష్టపడ్డాడు" అని ఒక్క లైనులో తేల్చేశారు. అసలు కథ అక్కడే ఉంది కదా.

వాణ్ణి ఖాట్మండూ పంపండి. 1968 నుంచే అక్కడ కాసినో ఉంది. మనవాళ్ళకి నేపాల్ వెళ్ళడానికి పాస్‌పోర్టు అక్కర్లేదు, రక్సౌల్‌లో రైలు దిగి సరిహద్దు దాటితే సరి. కాగితాల మీద చచ్చిపోయినవాడికి అంతకంటే మంచి దారేది? పైగా అక్కడి కాసినోల్లో నేపాలీలు ఆడకూడదు, మనదేశం నుంచి వెళ్ళేవాళ్ళే పెద్ద గిరాకీ. హిందీతో పాటు తెలుగు, తమిళం వచ్చిన కుర్రాడికి పని దొరకడం కష్టమేమీ కాదు.

అక్కడ వాడు డీలర్ కావాలి. డీలర్ అంటే ముక్కలు పంచడమే అనుకుంటారు అందరూ. మాకు ట్రైనింగులో మొదట నేర్పింది ఎక్కాలు! రూలెట్‌లో, అంటే అంకెలున్న చక్రంలో బంతి తిరిగి ఒక అంకె దగ్గర ఆగే ఆటలో, ఒక్క అంకె మీద పెట్టి గెలిస్తే 35 రెట్లు, రెండంకెల మధ్య గీత మీద పెడితే 17, నాలుగంకెలు కలిసే మూల మీద పెడితే 8. బంతి ఆగేసరికి ఒకే అంకె మీద, దాని గీతల మీద, మూలల మీద రకరకాల ఎత్తుల్లో చిప్పులు, అంటే డబ్బుకి బదులు పెట్టే బిళ్ళలు, ఉంటాయి. అవన్నీ అక్కడికక్కడే కలిపి మొత్తం చెప్పాలి. పదిహేడో ఎక్కం, ముప్పై ఐదో ఎక్కం నిద్రలో లేపి అడిగినా రావాలి. నాతో చేరినవాళ్ళలో నేపాలీలు, ఈశాన్య రాష్ట్రాల పిల్లలు ఎక్కువ. హాస్టల్లో రాత్రిళ్ళు ఎవరి భాషలో వాళ్ళు ఎక్కాలు వల్లెవేసేవాళ్ళు, బడిలో కూడా అంత గోల ఉండదు.

ఇక చేతుల సంగతి. మీ రెండో ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది. టేబుల్ దగ్గర్నుంచి లేచేముందు డీలర్ రెండు చేతులూ ఒకసారి తట్టి, వేళ్ళు విడదీసి, అరచేతులు పైకీ కిందకీ తిప్పి చూపించాలి. అరచేతిలో చిప్పు దాచలేదని పైనున్న కెమెరాకి తెలియాలి. మధ్యలో ముక్కు గోక్కోవాలన్నా, జుట్టు సవరించుకోవాలన్నా అదే వరస. యూనిఫాంకి జేబులుండవు. ఎవరైనా నోట్లిస్తే చేతికి తీసుకోకూడదు, టేబుల్ మీద పెట్టించి, కెమెరాకి కనపడేలా వరసగా పరిచి, గట్టిగా లెక్క చెప్పి, అప్పుడు చీలికలోంచి కింద ఉన్న తాళం పెట్టెలోకి తోసెయ్యాలి.

నేను మానేసి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ షాపులో చిల్లర ఇచ్చాక చేతులు తట్టి తిప్పేస్తాను. మా అత్తగారు మొదట్లో "ఏంటే, దుమ్మంటుకుందా?" అనేవారు. ఇప్పుడు మా చిన్నదానికీ వచ్చేసింది, పప్పన్నం తిన్నాక కూడా తిప్పి చూపిస్తుంది.

మీ ఓనరు తను హోటల్ వ్యాపారంలోంచి వచ్చానని, జీవితంలో పేకముక్క ముట్టలేదని చెప్పుకుంటాడు కదా. కూతురి పెళ్ళిలో చదివింపుల నోట్లు బల్ల మీద వరసగా పరిచి, లెక్కపెట్టి, లేచేటప్పుడు చేతులు తట్టి అరచేతులు తిప్పనివ్వండి. ఎదురుగా ఒకప్పటి ఖాట్మండూ పిట్ బాస్, అంటే డీలర్ల మీద కన్నేసి ఉంచే పెద్ద, కూర్చుని ఉన్నాడనుకోండి, ఇక ఫోటో ఎందుకు?

ఇంకోటి. మూడో భాగంలో ఓనరు అయస్కాంతంతో బంతిని ఆపుతాడు. దయచేసి తీసెయ్యండి. నడుస్తున్న కాసినో చేతిలో ఉన్నవాడు ఆ పని చెయ్యడు, వాడికి అవసరమూ లేదు. ఒక సున్నా ఉన్న రూలెట్ చక్రానికి 37 గళ్ళు, గెలిచినవాడికి ఇచ్చేది 35 రెట్లే. అందులోనే నూటికి 2.7 కాసినోకి మిగులుతుంది. రెండు సున్నాలుంటే 5.26. జనం కూర్చుని ఆడుతూ ఉంటే చాలు. దొంగతనం జరిగితే టేబుల్ మీద జరగదు, ఆ తాళం పెట్టెలు తెరిచి లెక్కపెట్టే గదిలో జరుగుతుంది.

లైసెన్సు సంగతి నాకు పైపైనే తెలుసు. గోవా జూద నిరోధక చట్టం 1976ది. దాన్ని 1992లో సవరించి ఫైవ్ స్టార్ హోటళ్ళలో స్లాట్ మెషిన్లకి (నాణెం వేసి ఆడే జూదం యంత్రాలు), 1996లో ఓడల మీద టేబుల్ ఆటలకి కూడా దారి తెరిచారు. అందుకే మనుషులు ముక్కలు పంచే టేబుళ్ళు నీళ్ళ మీదే ఉంటాయి. చట్టంలో సముద్రంలో ఉండే ఓడలనే రాసుకున్నారు, ఓడలేమో మాండవి నదిలో, ఊరికి ఎదురుగా లంగరేసుకుని ఉన్నాయి. జెట్టీ నుంచి చిన్న పడవలో తీసుకెళ్తారు. మీ హీరో ఓడని నడిసముద్రంలో పెట్టారు, వెనక్కి తెచ్చెయ్యండి.

నల్లకోటు:

లైసెన్సు గురించి నేను చెప్తాను. లైసెన్సు కంపెనీ పేరు మీద ఉంటుంది. కంపెనీలో డైరెక్టర్లు ఎవరో, వెనక డబ్బు ఎవరిదో, ఈ రెండూ ఒకటే కానక్కర్లేదు. 2001 కాబట్టి మీకు కలిసొచ్చింది. డైరెక్టర్లకి విడిగా గుర్తింపు నంబరు ఉండాలన్న నిబంధన 2006 సవరణతో వచ్చింది, ఆధార్ ఆ తర్వాతి మాట. మీ వాడు వేరేవాళ్ళని ముందు నిలబెట్టి, తాను "సలహాదారు"గా ఉంటే 2001లో నడిచిపోతుంది. కానీ కథ 2015 దాటితే ప్రతి కాగితం వాడి మెడకు చుట్టుకుంటుంది. టెన్షన్ అక్కడ పెట్టండి.

ఇక చావు సంగతి. ఏడేళ్ళు జాడ తెలియకపోతే చనిపోయాడని కోర్టు భావించవచ్చు. పాత సాక్ష్యాధారాల చట్టంలో అది 108వ సెక్షన్, కొత్తదాంట్లో 111. తిరిగొస్తే ఆ భావన పోతుంది, బతికుండటం నేరం కాదు. దొంగ పేరుతో పుట్టించిన కాగితాలు నేరం. హత్య కేసుకి కాలపరిమితి లేదు, నలభై ఏళ్ళ తర్వాతైనా తెరవొచ్చు. అయితే శవం లేకుండా రుజువు చెయ్యడం పోలీసులకు నరకం. కాబట్టి మీ విలన్ వాణ్ణి కోర్టుకి ఈడ్చడు, బెదిరిస్తాడు. వాటా రాయించుకుంటాడు.

ఎడారి ఎంకన్న:

లాస్ వేగాస్ దగ్గర ఉంటాను, కాసినో లెక్కల ఆడిట్ పని. మాజీ డీలర్ గారు చెప్పింది అక్షరాలా నిజం, దొంగతనం లెక్కింపు గదిలోనే. డెబ్బైల్లో ఇక్కడి స్టార్‌డస్ట్ కాసినోలో స్లాట్ నాణేలని తూకం వేసి లెక్కించేవాళ్ళు. ఆ తూకం యంత్రాన్నే తక్కువ చూపించేలా సర్దిపెట్టారు! కాగితం మీదకి ఎక్కని నాణేలు మాఫియాకి.

గతం ఉన్నవాడు నడపగలడా అంటారా, ఈ ఊరు కట్టిందే అలాంటివాళ్ళు. 1950లో డెజర్ట్ ఇన్ అనే కాసినో హోటల్ తెరిచినప్పుడు బోర్డు మీద పేరు విల్బర్ క్లార్క్‌ది. పాపం ఆయనకి కట్టడం మధ్యలో డబ్బులైపోయాయి, పూర్తి చేయించింది మో డాలిట్జ్ బృందం. డాలిట్జ్ ఎవరంటే మద్య నిషేధం రోజుల్లో క్లీవ్‌లాండ్ వైపు దొంగసారా వ్యాపారం చేసినవాడు. తర్వాత ఇదే ఊళ్ళో ఆసుపత్రి కట్టించిన పెద్దమనిషి. బెన్నీ బినియన్ ఇంకో రకం. టెక్సాస్‌లో మనిషిని చంపిన కేసు ఉంది, 1951లో ఇక్కడ హార్స్‌షూ కాసినో పెట్టాడు, పన్ను ఎగ్గొట్టి జైలుకెళ్ళాడు, మళ్ళీ లైసెన్సు రాలేదు. పేరు కొడుకులది, పెత్తనం ఆయనది. ఇందాకటి స్టార్‌డస్ట్‌ని నడిపిన ఫ్రాంక్ రోజెంథాల్‌కి 1976లో లైసెన్సు ఇచ్చేది లేదన్నారు, అయినా అదే హోటల్లో ఏదో ఒక హోదా తగిలించుకుని చక్రం తిప్పాడు.

ఇప్పుడు అలా కుదరదు. మా వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రంలో లైసెన్సు హక్కు కాదు, తాను యోగ్యుణ్ణని నిరూపించుకోవాల్సింది అడిగినవాడే. మీ మీద విచారణ జరిపే ఏజెంట్ల ఖర్చు కూడా మీరే కట్టాలి. మీ ఊరు వచ్చి మీ చుట్టాల్ని అడిగి వెళ్ళినా బిల్లు మీకే!

మీకు నిజంగా పనికొచ్చే కేసు హాంకాంగ్ పక్కనున్న కాసినోల ఊరు మకావ్‌ది. స్టాన్లీ హో 1962 నుంచి 2002 దాకా అక్కడి జూదం మీద గుత్తాధిపత్యం నడిపాడు. హాంకాంగ్ గొప్పింటి బిడ్డ. పదమూడేళ్ళ వయసులో ఇల్లు దివాలా తీసింది, యుద్ధకాలంలో మకావ్ చేరి మళ్ళీ మొదలెట్టాడు. ముఠాలతో సంబంధాలున్నాయని ఆరోపణలు వస్తూనే ఉండేవి, ఆయన ఖండిస్తూనే వచ్చాడు. అవి ఎక్కడ ముల్లయ్యాయో చూడండి. ఆయన కూతురు పాన్సీ హో మకావ్‌లో ఎమ్‌జీఎమ్ అనే అమెరికా కాసినో కంపెనీతో సగం సగం భాగస్వామిగా చేరింది. నెవాడా సరేనంది. ఎమ్‌జీఎమ్‌కి ఇంకో కాసినోలో వాటా ఉన్న న్యూజెర్సీ రాష్ట్రపు నియంత్రణ విభాగం మాత్రం తండ్రి సంబంధాలు ఎత్తిచూపి ఆమె తగిన భాగస్వామి కాదంది. 2010లో ఆ నివేదిక బయటికొచ్చింది. ఎమ్‌జీఎమ్ మకావ్‌నే ఎంచుకుని, న్యూజెర్సీలోని అట్లాంటిక్ సిటీలో ఉన్న బోర్గాటా కాసినోలో తన సగం వాటాని అమ్మకానికి పెట్టింది. 2014లో గానీ మళ్ళీ అనుమతి రాలేదు.

అంటే గతాన్ని తవ్వింది ఇంటి పోలీసు కాదు. సముద్రాలవతల, కూతురి భాగస్వామి నిలబడ్డ చోట. మీ హీరో కూతురిని ఇక్కడికి పంపండి, మంచి మనసుతో లైసెన్సు ఫారం నింపనివ్వండి. "తండ్రి పుట్టిన ఊరు" దగ్గర పెన్ను ఆగుతుంది.

మిల్లు రాజా:

ఇదీ! ఫైటు లేకపోయినా పర్లేదు.

సీరియల్ సుబ్బు:

ఎంకన్న గారూ, మాజీ గారూ, నల్లకోటు గారూ, మీ ముగ్గురికీ ఒక్కో భాగం అంకితం. ఖాట్మండూ రాయడం మొదలెట్టేశాను. పిట్ బాస్ చేతులు చూసి గుర్తుపట్టడం, కూతురి ఫారం, ఈ రెండూ ఉంటాయి. ఏది ముందు రావాలో ఇంకా తేలలేదు.

మాజీ గారికి ఒక చిన్న డౌట్. క్లైమాక్స్ 2021లో. హీరోకి పాత స్నేహితుడైన గోవా జాలరి ఒకడు ఓడ మీదకి ఆడటానికొచ్చి, టేబుల్ దగ్గర అందరి ముందూ వాడి అసలు పేరు పెట్టి పిలుస్తాడు. అక్కడ ఏ ఆట పెట్టను?

మాండవి మాజీ:

ఏ ఆటా పెట్టలేరండీ. 2020 ఫిబ్రవరి నుంచి గోవావాళ్ళని కాసినోలో ఆడనివ్వట్లేదు. మీ జాలరి గేటు దగ్గరే ఆగిపోతాడు. ఉద్యోగం చెయ్యొచ్చు, కాబట్టి జెట్టీ నుంచి మనుషుల్ని తెచ్చే పడవ మీద పెట్టండి. ఓనరు కూడా ఆ పడవ ఎక్కే రావాలి కదా. టేబుల్ కంటే అదే నయం, అక్కడ తప్పించుకోవడానికి చోటుండదు.

ఆట కావాలంటే హైదరాబాద్ నుంచి శని ఆదివారాలకి వచ్చే గుంపుని ఇంకో టేబుల్ దగ్గర పెట్టండి, అందర్ బాహర్. మన లోపలా బయటే. తెలుగు అరుపులు వినపడగానే ఓనరు అటు పోకుండా చుట్టూ తిరిగి వెళ్తాడని రాయండి. ఎందుకు వెళ్తున్నాడో అప్పుడే చెప్పకండి. పిట్ బాస్ చేతులు చూసే సీన్ మాత్రం ఫారం కంటే ముందే రావాలి, లేకపోతే పెళ్ళి నాటికే గతం బయటపడిపోయి ఆ చేతుల్ని ఎవరూ పట్టించుకోరు.