రొమేనియన్ సౌండ్ పేపర్లు ఇంగ్లీషులోకి: మన 'డబ్బింగ్', 'రీరికార్డింగ్' వాడొచ్చా?

కౌశికి ఒడ్డు (అమలాపురం):
అందరికీ నమస్కారమండి. ఇంటి దగ్గరుండే రొమేనియన్ నుంచి ఇంగ్లీషులోకి అనువాదాలు చేస్తుంటాను. ఎప్పుడూ ఒప్పందాలు, సర్టిఫికెట్లే, ఈసారి మాత్రం ఒక డాక్యుమెంటరీ సౌండ్ పేపర్లు వచ్చాయి. ప్రీజా దిరెక్తా, పోస్ట్‌సింక్రొన్, దుబ్లాజ్, మిక్సాజ్, జ్గొమొతె, కొల్వానా సొనోరా... పేజీల నిండా ఇవే. భాష తెలుసు గానీ ఆ పని తెలియదు. పోస్ట్‌సింక్రొన్, దుబ్లాజ్ రెండిటికీ డబ్బింగ్ అని పెట్టేయొచ్చా? సంగీతం దగ్గర మన సినిమావాళ్లలా రీరికార్డింగ్ అంటే సరిపోతుందా? వచ్చే వారం ఇచ్చేయాలి, టెన్షన్‌గా ఉంది.

రేవు సౌండ్ (నరసాపురం):
రెండూ వద్దండి. మన దగ్గర హీరో తన డైలాగు తనే స్టూడియోలో మళ్లీ చెప్పినా డబ్బింగే, తమిళ సినిమాని తెలుగులోకి తెచ్చినా డబ్బింగే. ఇంగ్లీషు సౌండ్ వాళ్లకి మొదటిది ఏడీఆర్, బ్రిటన్‌లో అయితే పోస్ట్ సింక్ అని కూడా అంటారు, రెండోదే డబ్బింగ్. రొమేనియన్‌లోనూ ఆ తేడా ఉంది కాబట్టి పోస్ట్‌సింక్రొన్‌కి మొదటిది, దుబ్లాజ్‌కి రెండోది పెట్టండి. రొమేనియాలో బయటి సినిమాలు ఎక్కువగా సబ్‌టైటిల్స్‌తోనే ఆడతాయి, దుబ్లాజ్ ప్రధానంగా పిల్లల సినిమాలకే. అందుకని డాక్యుమెంటరీ పేపర్లలో ఆ మాట కనిపిస్తే ఏ భాషలోకో కనుక్కోండి.

రీరికార్డింగ్ ఇంకా ప్రమాదం. మన ఆర్ఆర్ అంటే నేపథ్య సంగీతం. ఇంగ్లీషు టైటిల్స్‌లో రీరికార్డింగ్ మిక్సర్ అంటే మాటలు, ఎఫెక్ట్స్, సంగీతం మూడూ కలిపి ఫైనల్ మిక్స్ చేసే మనిషి. ఆ మాట సంగీతానికి పెడితే ఒకరి క్రెడిట్ ఇంకొకరికి పోతుంది, ఇది చిన్న విషయం కాదు. సంగీతానికి స్కోర్, మిక్సాజ్‌కి మిక్స్.

గోదారి గట్టు (రాజోలు):
పైవారు చెప్పింది కరెక్టు. ప్రీజా దిరెక్తా అంటే షూటింగప్పుడే లొకేషన్‌లో పట్టే శబ్దం, మనవాళ్లు సింక్ సౌండ్ అనేది, ఇంగ్లీషులో డైరెక్ట్ సౌండ్ అనండి. దీన్ని తేలిగ్గా తీసుకోకండి. 2007లో కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో పెద్ద బహుమతి పామ్ దోర్ అందుకున్న రొమేనియా సినిమా చూస్తే కథ నడుస్తున్నంతసేపూ నేపథ్య సంగీతం దాదాపు ఉండదు, గదిలో చప్పుళ్లూ మాటలే మోస్తాయి. అలాంటి చోట లొకేషన్‌లో పట్టిన శబ్దమా, తర్వాత స్టూడియోలో చేసిందా అన్నది చాలా ముఖ్యం.

జ్గొమొతె అంటే చప్పుళ్లు అంతే, ఎవరు ఎక్కడ చేశారో చూడకుండా ఒకే మాట అన్నిచోట్లా పెట్టొద్దు. సఖినేటిపల్లి రేవులో పంటు (జనాన్ని, బళ్లని ఏరు దాటించే పడవ) మీద సీను తీశారనుకోండి. కెమెరా ఆపేశాక ఇంజను మోత విడిగా రికార్డు చేసుకుంటే అది వైల్డ్ ట్రాక్. పంటు దిగేవాళ్ల అడుగులు, చీర రెపరెపలు స్టూడియోలో తెర చూస్తూ చేస్తే ఫోలీ. లైబ్రరీ నుంచి తెచ్చి అతికిస్తే మామూలు సౌండ్ ఎఫెక్ట్స్. మీ పేపర్లో వరస పక్కన వివరం ఉండే ఉంటుంది, అది చదివి వేయండి.

కౌశికి ఒడ్డు:
చాలా థాంక్సండి, వివరాల గడి ఉంది, దాన్ని నేను చివర్లో చేద్దామని పక్కన పెట్టాను, ఇప్పుడు ముందు అదే చేస్తాను. మరి కొల్వానా సొనోరా? ఒకచోట పాటల్లా అనిపిస్తోంది, ఇంకోచోట మొత్తం సౌండ్ అన్నట్టుంది.

రేవు సౌండ్:
రెండు అర్థాలూ ఉన్నాయండి. మిక్స్, లెవెల్స్ పక్కన వస్తే సౌండ్‌ట్రాక్, స్వరకర్త పేరు పక్కన వస్తే మ్యూజిక్. రొమేనియన్ సినిమా మాటలు మిక్సాజ్, మొంతాజ్ లాంటివి చాలా ఫ్రెంచి నుంచి వచ్చినవే, అందుకని ఎక్కడైనా ఆగిపోతే ఫ్రెంచి-ఇంగ్లీషు సౌండ్ పదాల పట్టికలు చూడండి, పని జరుగుతుంది.

అంకెలు కూడా చూసుకోండి. వాళ్లు దశాంశానికి కామా పెడతారు. యూరప్ టీవీ లెవెల్ −23 లఫ్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) కదా, అక్కడ −23,0 అని ఉంటే మీరు −23.0 అని రాయాలి. టైమ్‌కోడ్‌లు (గంట, నిమిషం, సెకను, ఫ్రేము చూపే అంకెలు) మాత్రం ముట్టుకోవద్దు, సెకనుకి 25 ఫ్రేములు అని ఉంటే అలాగే ఉంచండి.