ఇంటి పక్కన డాగ్ డేకేర్ పెడతారట. మొరుగుళ్ళ సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి

పటమట ఇల్లాలు:
మాది విజయవాడ పటమటలో లోపలి వీధి. మా ఇంటికి ఆనుకుని ఉన్న పాత డాబా ఇల్లు, వెనక ఖాళీ జాగాతో సహా, డాగ్ డేకేర్ కోసం అద్దెకు తీసుకుంటున్నారు. పొద్దున కుక్కల్ని దింపి ఆఫీసులకు వెళ్ళి, సాయంత్రం తీసుకెళ్తారట. ఇరవై దాకా ఉంటాయనీ, పండగలకు ఊరెళ్ళేవాళ్ళ కుక్కల్ని రాత్రిళ్ళు కూడా ఉంచుకుంటారనీ ఇంటి ఓనరు గారే చెప్పారు.

ఆ వెనక జాగాకీ మా అత్తయ్యగారి గది కిటికీకీ మధ్య ఉన్నది ప్రహరీ ఒక్కటే. ఆవిడకు గుండె ఆపరేషన్ అయింది, పగలు కూడా పడుకోవాలి. మా పై వాటాలో అద్దెకున్న అమ్మాయి నర్సు, నైట్ డ్యూటీ చేసి వచ్చి పొద్దున నిద్రపోతుంది. ఎదురింటి పిల్లాడు పదో తరగతి. కుక్కలంటే మాకు పగేమీ లేదు, వీధిలో తిరిగే రెండింటికి అన్నం పెట్టేది మేమే. కానీ ఇరవై ఒకేచోట అంటే టెన్షన్‌గా ఉంది. లైసెన్స్ ఇంకా రాలేదు. ఇప్పుడు ఎవరిని, ఏం అడగాలి?

విద్యానగర్, గుంటూరు:
మా వీధిలో ఇలాంటిది నడుస్తోంది, మా ఇంటికి మూడో ఇల్లు. అవి రోజంతా మొరగవండీ. పొద్దున దింపేటప్పుడు, సాయంత్రం తీసుకెళ్ళేటప్పుడు, మధ్యలో గేటు చప్పుడైన ప్రతిసారీ మొరుగుతాయి. ఒకటి మొదలుపెడితే మిగతావన్నీ అందుకుంటాయి. మొదట్లో వాళ్ళ గేటు ఊచల గేటు. పాలబ్బాయి వెళ్ళినా, కొరియర్ బండి ఆగినా, పక్క సందులోంచి పిల్లి దాటినా లోపలున్నవన్నీ గేటు మీదకు వచ్చి పడేవి. అందరం కలిసి వెళ్ళి మాట్లాడాక గేటుకు లోపలివైపు రేకు కొట్టించారు. బయట మనిషి కనబడకపోయేసరికి సగం గొడవ పోయింది. కుక్కల్ని దింపడానికి ఒక్కొక్కరికీ పదేసి నిమిషాల తేడాతో టైము ఇచ్చారు. దాంతో గేటు దగ్గర నాలుగు బళ్ళు ఒకేసారి ఆగి, నాలుగు కుక్కలు ఒకదాన్నొకటి చూసి రెచ్చిపోవడం తగ్గింది.

రాత్రి సంగతి మాత్రం వేరు. కొత్తగా వచ్చిన కుక్క మొదటి రాత్రి యజమాని కోసం ఏడుస్తుంది. మొరగదు, ఊళ పెడుతుంది. సంక్రాంతికి అందరూ ఊళ్ళకు వెళ్తారు కాబట్టి అలాంటివి ఒకేసారి వస్తాయి. దీపావళికి టపాసులు తోడవుతాయి. మా వీధిలో ఇప్పటికీ తెగని తగువు అదొక్కటే. మీరు దేనికి ఒప్పుకున్నా రాత్రి బోర్డింగ్‌కు మాత్రం ఒప్పుకోకండి.

మొగల్రాజపురం, మూడో అంతస్తు:
కుక్క ఉన్నదాన్ని, నా వైపు కూడా వినండి. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్తాం. మా లాబ్రడార్ ఒంటరిగా ఉంటే బాల్కనీలో నిలబడి సాయంత్రం దాకా అరిచేది. అపార్ట్‌మెంట్‌లో ఎవరికీ మనశ్శాంతి లేదు. కుక్కను తీసెయ్యమని అసోసియేషన్ వాళ్ళు నోటీసు ఇచ్చారు. పెంపుడు కుక్కల్ని అసోసియేషన్లు నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే సర్క్యులర్ ఇచ్చింది, అది చూపిస్తే ఆగారు. కానీ కాగితం చూపించినంత మాత్రాన పక్కింటావిడ తలనొప్పి తగ్గదు కదా. డేకేర్‌లో చేర్చాకే మా అంతస్తు ప్రశాంతంగా ఉంది. కాబట్టి ఇవి ఊళ్ళో ఎక్కడో ఒకచోట ఉండాలి.

మేం పంపే చోట మధ్యాహ్నం గదుల్లో లైట్లు తీసేసి కుక్కల్ని పడుకోబెడతారు. పెద్దవీ చిన్నవీ కలవనివ్వరు. ఎప్పుడూ ఒక మనిషి వాటి మధ్యే ఉంటాడు, ఒకటి మొదలుపెట్టగానే దాన్ని పక్కకు తీసుకెళ్తాడు. మీ పక్కన పెట్టేవాళ్ళను అడగాల్సింది ఎన్ని కుక్కలని మాత్రమే కాదు, ఎన్ని కుక్కలకు ఒక మనిషి అని. మన ఎండల్లో పదకొండు దాటాక వాటిని బయట వదలలేరు, లోపలే ఉంచాలి. అందుకని ఏసీ గదా, రేకుల షెడ్డా అన్నది కూడా అడగండి. షెడ్డయితే కుక్కలకూ నరకమే, మీకూ నరకమే.

కానూరు నుంచి:
ఇంత చర్చ ఎందుకు? వీధంతా సంతకాలు పెట్టి అడ్డుకోండి. తెరిచాక మూయించడం ఎవరివల్లా కాదు.

శబ్దాల పని చేసే ఇంజినీర్:
కొన్ని లెక్కలు చెప్తాను. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో హద్దు పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి అంటే పది నుంచి పొద్దున ఆరు దాకా. వ్యాపార ప్రాంతమైతే 65, 55. పెద్ద కుక్క మొరిగితే మీటరు దూరంలో 90 దాకా వస్తుంది. ఆరుబయట దూరం రెట్టింపైన కొద్దీ ఆరేసి డెసిబెల్స్ తగ్గుతాయి. అంటే ఎనిమిది మీటర్ల దగ్గర ఇంకా 72 ఉంటుంది. మన సందుల్లో రెండు వైపులా గోడలుంటాయి కాబట్టి అంత కూడా తగ్గదు.

కానీ ఈ హద్దులు ఒక్కో మొరుగుకు కావు. కొంతసేపటి శబ్దాన్ని సగటు కట్టి చూస్తారు. అప్పుడొకటీ అప్పుడొకటీ మొరిగితే ఎంత చిరాకు పుట్టినా సగటు హద్దులోపలే రావచ్చు. పైగా హద్దుకంటే 10 డెసిబెల్స్ ఎక్కువ ఉన్నప్పుడు, లేదా రాత్రి ఆంక్షలు మీరినప్పుడు ఫిర్యాదు చేయవచ్చని ఆ నిబంధనల్లో ఉంది. అందుకే తెరిచాక మీటరుతో నిరూపిద్దామనుకుంటే కష్టం. ముందే షరతులు రాయించుకోవడం మేలు.

ఇంకో సంగతి. ప్రహరీ ఎత్తుగా ఉంటే మీ అత్తయ్యగారి గదికి కొంత కాపు దొరుకుతుంది. పై వాటా కిటికీలోంచి చూస్తే ఆ జాగా నేరుగా కనబడుతుంది కదా, అక్కడికి గోడ ఉన్నా లేనట్టే. అసలు దెబ్బ నైట్ డ్యూటీ అమ్మాయికి. గోడ పక్కన చెట్లు నాటుతాం అంటే సంతోషించకండి, ఒక వరుస చెట్లు శబ్దాన్ని ఆపవు. కుక్కల్ని వదిలే చోటు ఇంటికి అవతలివైపుకు మారిస్తే మధ్యలో ఇల్లే అడ్డుగోడ అవుతుంది. మొదట అడగాల్సింది అదే.

గవర్నర్‌పేట లాయరు:
కానూరు గారూ, సంతకాలు పెట్టించండి కానీ "వద్దు" అని ఒక్క మాట రాసి ఇస్తే ఆ కాగితం ఫైల్లో పడుకుంటుంది. కుక్కల సంఖ్య, వేళలు, రాత్రి బోర్డింగ్ లేకపోవడం, కడిగిన నీళ్ళు ఎటు పోతాయి, ఇవన్నీ అంశాలుగా రాసి కార్పొరేషన్ కమిషనర్‌కు ఇవ్వండి. ట్రేడ్ లైసెన్స్ ఇచ్చేముందు వీటిని పరిశీలించమని అడగండి. సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చి రశీదు తీసుకోండి, రశీదు లేని అర్జీ ఇవ్వనట్టే లెక్క. నివాసానికి కట్టిన ఇంట్లో వ్యాపారానికి అనుమతి ఉందా అని టౌన్ ప్లానింగ్‌లో విడిగా అడగండి.

తెరిచాక భరించలేని పరిస్థితి వస్తే రెండు దారులున్నాయి. శబ్దం మీద విజయవాడలో పోలీస్ కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. వీధి మొత్తానికి ఇబ్బందైతే నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 152 కింద ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్‌ను, అంటే మామూలుగా ఆర్డీఓను ఆశ్రయించవచ్చు. పాత సీఆర్‌పీసీలో 133 అనేవారు. ఏ తేదీన, ఎన్ని గంటలకు, ఎంతసేపు అన్నది ఒక నోటు పుస్తకంలో ఒకరే కాకుండా మూడు నాలుగు ఇళ్ళవాళ్ళు విడివిడిగా రాసుకోవాలి. అక్కడ బలంగా నిలబడేది అదే.

పటమట ఇల్లాలు:
అందరికీ ధన్యవాదాలండీ. నిన్న ఆ డేకేర్ పెట్టే అబ్బాయితో మా వారూ నేనూ మాట్లాడాం. గొడవకు వచ్చామనుకుని మొదట బిగుసుకున్నాడు. అత్తయ్యగారి గదిలోకి తీసుకెళ్ళి కిటికీ తెరిచి చూపించాం. కాసేపు మాట్లాడలేదు. వదిలే చోటు అవతలివైపుకు మారుస్తాననీ, గేటుకు రేకు వేయిస్తాననీ అన్నాడు. మధ్యాహ్నం పడుకోబెట్టే సంగతి అతనికి ముందే తెలుసు. రాత్రి బోర్డింగ్ దగ్గర మాత్రం బేరం కుదరలేదు, ఆదాయమంతా పండగల్లోనే అంటున్నాడు. ఈ సోమవారం అర్జీ ఇస్తున్నాం, పదకొండు ఇళ్ళవాళ్ళు సంతకం చేశారు. ఒప్పుకున్నవి ఒకవైపు, ఒప్పుకోనిది ఒకవైపు రాశాం.

కానూరు నుంచి:
అవతలివైపు ఇంటివాళ్ళను అడిగారా? మీ బాధ వాళ్ళకు అంటించినట్టు కాకూడదు.

పటమట ఇల్లాలు:
మంచి మాట గుర్తుచేశారు. అటువైపు ఉన్నది టైల్స్ గోడౌన్, రాత్రిళ్ళు ఎవరూ ఉండరు. అయినా ఓనరుతో మాట్లాడతాం.

విద్యానగర్, గుంటూరు:
అర్జీ ఇచ్చేలోపు కుదిరితే ఒక సాయంత్రం ఆ అబ్బాయిని కూడా తీసుకుని గుంటూరు రండి. ఐదున్నర నుంచి ఏడు దాకా మా మేడ మీద కూర్చుంటే మొత్తం వినిపిస్తుంది. ఇక్కడ డేకేర్ నడిపే ఆవిడతో మాట్లాడిస్తాను. కిందటి సంక్రాంతికి రాత్రి బోర్డింగ్ వల్ల ఆవిడ ఎంత పడిందో అతనికి ఆవిడే చెప్తుంది.