విల్లు తాడుకి ఇంట్లో మైనం: తేనెమైనం ఒక్కటే రుద్దితే పొలుసులుగా రాలిపోతోంది

కొత్త_నారి

రెండు విళ్ళున్నాయి. లాగే బలం 40 పౌండ్లుండే లాంగ్‌బోకి (నిటారు పొడవాటి విల్లు) డాక్రాన్ (పాలియెస్టర్ పోగు) తాడు, రికర్వ్‌కి (కొసలు ముందుకు వంగిన విల్లు) డైనీమా (గట్టి పాలిథిలీన్ పోగు) తాడు. శుద్ధమైన తేనెమైనం కడ్డీ రుద్దితే పోగుల మధ్యకి దిగట్లేదు. పైన తెల్లటి పొరలా కడుతుంది, నాలుగు బాణాలు వేసేసరికి పొలుసుల్లా రాలిపోతుంది. చలిగా ఉన్న పొద్దుళ్ళలో ఇంకా ఎక్కువ.

రోజిన్ (పైన్ చెట్టు బంక నుంచి తీసే గట్టి పదార్థం) కలపమని కొందరు, కొబ్బరినూనె చాలని కొందరు, ల్యానోలిన్ (గొర్రె ఉన్ని నుంచి తీసే జిడ్డు) అని ఇంకొందరు. ఏది ఎంత కలపాలి? రెండు తాళ్ళకీ ఒకటే మైనం సరిపోతుందా? తూకాలతో చెబితే మేలు.

పోగుల_లెక్క

తేనెమైనం కరిగేది 62–64 డిగ్రీల దగ్గర. గది వేడిలోనే గట్టిగా ఉంటుంది, చలికి పెళుసెక్కుతుంది. బాణం వదిలిన ప్రతిసారీ తాడు అదురుతుంది కదా, ఆ అదురుకి వంగలేని పూత చిట్లి రాలుతుంది. అందుకని మెత్తబరిచేది ఒకటి, జిగురిచ్చేది ఒకటి కలపాలి. జిగురు రోజిన్ ఇస్తుంది. కానీ రోజిన్ కూడా గాజులా పెళుసే. మెత్తబరిచేది లేకుండా అదొక్కటే కలిపితే పొలుసులు ఇంకా ఎక్కువ రాలతాయి. చాలామంది పొరబడేది ఇక్కడే.

డాక్రాన్‌కి 100 గ్రాముల లెక్క: తేనెమైనం 75, రోజిన్ 15, ల్యానోలిన్ 10. చలి ఎక్కువైతే రోజిన్‌ని 10కి దించి ల్యానోలిన్‌ని 15 చెయ్యండి. చెంచాల లెక్క పెట్టుకోవద్దు, ల్యానోలిన్ సగం చెంచాకే అంటుకుపోతుంది. గిన్నెని తూకం మీద పెట్టి నేరుగా అందులోనే వెయ్యండి.

వెడల్పు గిన్నెలో నీళ్ళు పోసి సన్న సెగ మీద పెట్టి, అందులో మైనం గిన్నె ఉంచండి. మైనం గిన్నె స్టీలుదే కావాలి; ఇనుము, రాగి తగిలితే మైనం రంగు మారుతుంది. ముందు తురిమిన మైనం పూర్తిగా కరగనివ్వండి. రోజిన్‌ని గుడ్డలో చుట్టి సుత్తితో మెత్తగా నలగ్గొట్టి, చిటికెడు చిటికెడు చల్లుతూ పుల్లతో తిప్పుతూ ఉండాలి. ఒక్కసారే గుమ్మరిస్తే అడుగున ముదురు పాకంలా ముద్ద కడుతుంది, ఆ తర్వాత ఎంత తిప్పినా ఓ పట్టాన విడదు. 15–20 నిమిషాలు పడుతుంది. పుల్ల పైకెత్తినప్పుడు జారే చుక్కలో నలుసు కనపడకూడదు. ల్యానోలిన్ ఆఖర్న, పొయ్యి ఆపాక.

అచ్చులో పోసే ముందు చల్లటి పళ్ళెం మీద రెండు చుక్కలు వేసి, 5 నిమిషాలు ఆగి గోరుతో నొక్కండి. ముద్ర పడి అంచులు చిట్లకపోతే సరి. చిట్లితే ఇంకో 2 గ్రాముల ల్యానోలిన్. గోటికి అంటుకుని సాగుతుంటే 5 గ్రాముల మైనం. ల్యానోలిన్ ఒక్కో డబ్బా ఒక్కో చిక్కదనంలో ఉంటుంది కాబట్టి పై తూకాల కన్నా ఈ గోటి పరీక్షనే నమ్మండి.

కొబ్బరినూనె వద్దు. అది 24–25 డిగ్రీలకే కరుగుతుంది, పొద్దున గట్టిగా ఉన్న కడ్డీ మధ్యాహ్నానికి జావగారుతుంది. అవిసె నూనె అసలే వద్దు, గాలి తగిలి ఎండి బంకలా బిగుసుకుంటుంది. వంటనూనెలు కొన్నాళ్ళకి ముక్కవాసన కొడతాయి. ల్యానోలిన్ దొరక్కపోతే పెట్రోలియం జెల్లీ పనికొస్తుంది, 8 గ్రాములతో మొదలెట్టండి.

తోలుముక్క

రోజిన్ విషయంలో పై జవాబుతో డాక్రాన్ వరకే ఏకీభవిస్తాను. డైనీమా పోగు చాలా నున్నన. మైనం దానికి అతుక్కోదు, పోగుల మధ్య సందుల్లో నిలబడుతుందంతే. అక్కడ జిగురు కన్నా మెత్తదనం ముఖ్యం. తేనెమైనం 85, ల్యానోలిన్ 15, రోజిన్ సున్నా. రోజిన్ ఎక్కువైన మైనం ఎండకి బంకబంకగా మారి దుమ్ము పట్టుకుంటుంది. ఇసుక నలుసు ఒక్కటి పోగుల మధ్యకి చేరినా లోపల్నించి ఆకురాయిలా అరగదీస్తుంది, పైకి కనపడదు కూడా.

మైనం లోపలికి దిగడానికి హెయిర్ డ్రయర్, లైటర్ జోలికి పోకండి. డైనీమా కరిగేది 150 డిగ్రీల దగ్గరే అయినా, 70 దాటితే చాలు, బిగుతు మీదున్న పోగు సాగుతుంది. మళ్ళీ వెనక్కి రాదు. తాడు పొడవు పెరిగి బ్రేస్ హైట్ (విల్లు పిడికీ తాడుకీ మధ్య దూరం) పడిపోతుంది, తప్పు విల్లుదేమో అనుకుని దాన్ని సర్దుతూ కూర్చుంటారు.

మందపాటి తోలు ముక్క చాలు. కడ్డీని తాడు పొడవునా తేలిగ్గా రెండుసార్లు రుద్దండి. తోలుని మడిచి తాడుని మధ్యలో పెట్టి, వేళ్ళతో నొక్కి పైకీ కిందకీ వేగంగా లాగండి. వేళ్ళకి వెచ్చగా తగలడం మొదలయ్యాక తెల్ల చారలు మాయమవుతాయి, మైనం లోపలికి దిగిందన్నమాట. ఆ తర్వాత సన్నటి గట్టి దారాన్ని తాడు చుట్టూ ఒక్క చుట్టు వేసి, రెండు కొసలూ బిగించి ఈ చివర్నుంచి ఆ చివరికి లాగండి. ఎక్కువైన మైనం దారం ముందు బూడిదరంగు పురుగులా ముడుచుకుంటూ వస్తుంది. దాన్ని తీసేయండి. అది తాడు మీద ఉన్నంతసేపూ బరువే, బాణం వేగం ఆ మేరకు తగ్గుతుంది. పాత మురికి మైనం తియ్యడానికీ ఇదే పద్ధతి.

సర్వింగ్ మీద, అంటే తాడు అరగకుండా దానిపై చుట్టిన దారం మీద మాత్రం రాయొద్దు. చుట్టు కింద మైనం చేరితే సర్వింగ్ జరుగుతుంది, దాంతోపాటు నాకింగ్ పాయింటూ (తాడు మీద బాణం తగిలించే చోటు) జరుగుతుంది. తాడు మీద నూగు లేస్తున్నా, వేలితో తడిమితే పొడిగా తగిలినా అప్పుడు రాయండి. పోగు తెగిన తాడుకి మైనం మందు కాదు, తాడు మార్చాల్సిందే.

కొత్త_నారి

డాక్రాన్ లెక్కతో చేశాను. గోటి పరీక్ష బాగానే వచ్చింది. కానీ కడ్డీ విరిచి చూస్తే లోపల ఇసుకలా పలుకులు, ఒక చివర నల్లటి మడ్డి. ప్లాస్టిక్ గ్లూ స్టిక్ గొట్టంలో పోస్తే మధ్యలో గుంట పడింది, గొట్టం కూడా కాస్త వంకరపోయింది.

పోగుల_లెక్క

ఒక పలుకుని వేళ్ళ మధ్య నలపండి. కరకరలాడి జిగురుగా పొడైతే కరగని రోజిన్. మళ్ళీ కరిగించి ఇంకో పావుగంట తిప్పితే పోతుంది. వేలి వేడికే కరిగిపోతే అది మెత్తబరిచేది నెమ్మదిగా చల్లారి పలుకు కట్టడం, వాడకానికి ఇబ్బంది లేదు.

మడ్డి ముడి మైనంలోది. ఈసారి రోజిన్ కలపక ముందే మైనాన్ని నీళ్ళలో వేసి కరిగించి, కదపకుండా చల్లారనివ్వండి. పైన బిళ్ళ కడుతుంది, మురికంతా దాని అడుగున చేరుతుంది. బిళ్ళ తీసి అడుగు గీకేసి, ఒకరోజు ఆరబెట్టండి. తడి మిగిలితే మళ్ళీ కరిగేటప్పుడు చిటపటలాడి మీదకి చిందుతుంది. ఇప్పటికే రోజిన్ కలిసిన దాన్నైతే వేడిగా ఉండగా పలచటి గుడ్డలో వడకట్టండి.

గుంట, వంకర రెండూ మరీ వేడిగా పోసినందుకే. మైనం చల్లారుతూ కుదించుకుంటుంది. గిన్నె అంచున సన్నగా పేరుకోవడం మొదలయ్యాక పొయ్యండి. కొద్దిగా మైనం మిగుల్చుకుని, గుంట పడ్డాక దాన్ని పైన నింపండి.

తోలుముక్క

ఒకటి చెప్పడం మరిచాను. కొవ్వొత్తి ముక్కలు కరిగించి తేనెమైనం బదులు వాడాలనిపిస్తుంది, వద్దు. వాటిలో ఎక్కువగా ఉండేది పారఫిన్, అది మీ మొదటి కడ్డీ కన్నా ఘోరంగా పొలుసులు రాలుస్తుంది. మైనం గిన్నెని నేరుగా మంట మీద ఎప్పుడూ పెట్టొద్దు. ఎప్పుడైనా అంటుకుంటే నీళ్ళు పొయ్యకుండా మూత వేసి పొయ్యి ఆపండి. రెండు మైనాలూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి కాబట్టి గొట్టాల మీద ఏది దేనికో ఇప్పుడే రాసి పెట్టుకోండి.