అప్‌డేట్: నాయన తీసిన పాత వీడియోలు చుట్టాలకు ఎలా పంపానంటే

పోయిన నెల అడిగాను కదా, మా తిరుపతి ఇంట్లో నాయన తీసిన క్యాసెట్లన్నీ ఫైళ్లుగా మార్పించాం, బయటివాళ్ల కంట పడకుండా చుట్టాలకు ఎలా చూపించాలని. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.

ముందు యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్ పెడదామనుకున్నా. వెతికితే దొరకదు గానీ లింక్ చేతికొస్తే ఎవరైనా చూడొచ్చు, ఇంకొకరికి పంపొచ్చు. పిల్లల వీడియోలున్నాయి, నాకు ధైర్యం చాల్లేదు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే క్వాలిటీ పోతుంది.

చివరికి గూగుల్ డ్రైవ్‌లో ఫోల్డర్ చేసి, రిస్ట్రిక్టెడ్‌లోనే (అంటే మనం చేర్చినవాళ్లే తెరవగలరు) ఉంచి, ఒక్కొక్కరి జీమెయిల్ చేర్చాను. చూడ్డానికి మాత్రమే పర్మిషన్. డౌన్‌లోడ్ కూడా ఆపేశాను. స్క్రీన్ రికార్డ్ చేసేవాళ్లను ఏ సెట్టింగూ ఆపలేదు, అందుకే నమ్మకమున్నవాళ్లనే చేర్చాను. ఉచితంగా వచ్చే 15 జీబీలోనే మెయిళ్లు, ఫోటోలు కూడా లెక్కకొస్తాయి, కాబట్టి స్టోరేజ్ కొనక తప్పలేదు.

మా జేజికి (నాయనమ్మకు) మెయిల్ లేదు. ఆమె కోసం ఒక వీడియో పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి పెట్టాను. గంగమ్మ జాతరలో నాయన ఆడవేషం కట్టిన రోజు అది. నాయన ఒంటి మీద అమ్మ ఆకుపచ్చ పట్టుచీర, చెవులకు జేజి కమ్మలు. కెమెరా వెనక అమ్మ "కుచ్చిళ్లు జారిపోతాండాయ్, పట్టుకో" అంటోంది. జేజి లేచి వెళ్లి టీవీ మీద నాయన చెంప తడిమింది. నాయన పోయి నాలుగేళ్లయింది. మళ్లీ పెట్టమంది, పెట్టాను.

ఆ ఒక్క వీడియో మాత్రం ఫోల్డర్‌లోంచి తీసేశాను. అది ఎవరికి చూపించాలో జేజినే చెప్పమన్నాను.