ఏస్ (అథ్లెటిక్స్) బేస్‌బాల్ టీమ్ హోమ్ మ్యాచ్‌లు ఇప్పుడు ఎక్కడ? పిల్లాణ్ణి తీసుకెళ్ళాలి

ఫ్రీమాంట్_నాన్న:
అందరికీ నమస్తే. మాది గుంటూరు, ఇక్కడ కాలిఫోర్నియాకొచ్చి ఆరేళ్ళు దాటింది. నాకు క్రికెట్ తప్ప వేరే ఆట తెలియదు, మా వాడికి మాత్రం బేస్‌బాల్ పిచ్చి, నిద్రలో కూడా ఆ ఆకుపచ్చ టోపీ తియ్యడు. 2023లో ఒకసారి బార్ట్ (లోకల్ రైలు) ఎక్కి ఓక్లాండ్‌లో కొలిసియం స్టేడియం దగ్గరి స్టేషన్‌లో దిగి, ఆ వంతెన మీదుగా నడిచి నేరుగా స్టేడియంలోకి వెళ్ళిపోయాం, చాలా సుఖంగా అనిపించింది. ఇప్పుడు టికెట్ల కోసం చూస్తే వెస్ట్ శాక్రమెంటో అని వస్తోంది, టీమ్ పేరు ముందు ఓక్లాండ్ అన్న మాటే లేదు. ఆఫీసులో ఒకాయనేమో లాస్ వేగస్‌కి వెళ్ళిపోయారు కదా అంటున్నాడు. అసలు ఎక్కడ ఆడుతున్నారు? వాడి పుట్టినరోజుకి తీసుకెళ్తానని మాటిచ్చాను.

రైలుబండి_రాజు:
అన్నా, మీకు కనిపించిందే కరెక్ట్. కొలిసియం లీజు 2024తో అయిపోయింది, పొడిగించడానికి ఓక్లాండ్ సిటీతో మాటలు కుదరలేదు. 2025 నుంచి ఆడేది సట్టర్ హెల్త్ పార్క్‌లో, శాక్రమెంటో నదికి ఇవతలి ఒడ్డున. అది మైనర్ లీగ్ (కింది స్థాయి) టీమ్ రివర్ క్యాట్స్ గ్రౌండ్, ఇద్దరూ పంచుకుంటున్నారు. వేగస్‌లో కొత్త స్టేడియం పాత ట్రోపికానా హోటల్ కూల్చేసిన స్థలంలో కడుతున్నారు, 2028కి సిద్ధం చేయాలని ప్లాన్. అందుకే ఊరి పేరు పెట్టుకోకుండా ఉత్త అథ్లెటిక్స్ అనే ఆడుతున్నారు.

కారు తియ్యాల్సిన పని లేదు, ఫ్రీమాంట్‌లోనే క్యాపిటల్ కారిడార్ రైలు ఎక్కి శాక్రమెంటోలో దిగితే, అక్కణ్ణుంచి టవర్ బ్రిడ్జ్ దాటి నడిచి వెళ్ళిపోవచ్చు. తిరుగు రైలు టైమ్ మాత్రం ముందే చూసుకోండి, పిల్లాడితో కాబట్టి మధ్యాహ్నం మ్యాచ్ పెట్టుకోవడమే మంచిది.

కొలిసియం_సెక్షన్_వాసి:
నేను పదిహేనేళ్ళు ఆ కొలిసియంకి వెళ్ళాను. ఈ దేశంలో నాకంటూ ఒక ఊరు ఉందని మొదట అనిపించింది ఆ మెట్ల మీద కూర్చున్నప్పుడే, అందుకే ఈ ప్రశ్న చూడగానే రాయకుండా ఉండలేకపోయాను. ఫిలడెల్ఫియాలో పుట్టి కాన్సస్ సిటీ మీదుగా 1968లో ఓక్లాండ్ వచ్చిన టీమ్ ఇది, 1972 నుంచి వరసగా మూడేళ్ళు వరల్డ్ సిరీస్ (బేస్‌బాల్ ఛాంపియన్‌షిప్) గెలిచింది, మళ్ళీ 1989లో గెలిచింది. జనం రావట్లేదు కాబట్టి వెళ్ళిపోతున్నాం అన్నారు ఓనర్లు. మంచి ఆటగాళ్ళందర్నీ అమ్మేసి, స్టేడియం బాగుచెయ్యకుండా వదిలేస్తే ఎవరు వస్తారు? 2023 జూన్ 13న అభిమానులే పిలుపిచ్చుకుని 27,759 మంది వచ్చారు, టీమ్ అమ్మెయ్యండి అని అరుస్తూ. వేగస్ ఉన్న నెవాడా రాష్ట్ర చట్టసభ ఆ కొత్త స్టేడియంకి 380 మిలియన్ డాలర్ల దాకా ప్రజల డబ్బు ఇవ్వడానికి ఒప్పుకున్నది కూడా ఆ వారంలోనే. 2024 సెప్టెంబర్ 26న చివరి ఆట, 46,889 మంది. టెక్సస్ మీద 3-2తో గెలిచారు. అయినా ఎవరూ ఇంటికి కదల్లేదు.

మనవాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే, 2010లో తెలంగాణ ఉద్యమం నడుస్తున్నప్పుడు డెక్కన్ చార్జర్స్ హోమ్ మ్యాచ్‌లు ఉప్పల్ వదిలి నాగపూర్, కటక్ వెళ్ళాయి గుర్తుందా? అప్పుడు మేం కుళ్ళికుళ్ళి బాధపడ్డాం, కానీ మరుసటి ఏడాదే తిరిగొచ్చారు. ఇది తిరిగొచ్చేది కాదు. ఓక్లాండ్ నుంచి బాస్కెట్‌బాల్ టీమ్ వారియర్స్ శాన్ ఫ్రాన్సిస్కో పోయారు, ఫుట్‌బాల్ టీమ్ రైడర్స్ వేగస్ పోయారు, ఇప్పుడు వీళ్ళు. నేనైతే శాక్రమెంటో వెళ్ళను. పిల్లాడికి బేస్‌బాల్ చూపించాలంటే వెస్ట్ ఓక్లాండ్‌లో రైమండి పార్క్‌లో బాలర్స్ ఆడతారు, 2024లో మొదలైన చిన్న టీమ్, ఊరు మీద ప్రేమతో పెట్టింది. అక్కడికి తీసుకెళ్ళండి.

శాక్రమెంటో_సుజాత:
అన్నగారూ, మీ బాధ న్యాయమైనదే, కాదనను. కానీ తొమ్మిదీ పదేళ్ళ పిల్లాడికి ఆ గొడవలు ఏం తెలుస్తాయండీ? ఇక్కడ మొత్తం పట్టేదే 14 వేల మంది, ఎక్కడ కూర్చున్నా ఆటగాళ్ళ మొహాలు కనిపిస్తాయి. కుర్చీ టికెట్ వద్దనుకుంటే గడ్డి దిబ్బ మీద దుప్పటి పరుచుకోవచ్చు, మా పిల్లలు అక్కడే దొర్లుతూ చూస్తారు. ఒక్క మాట, జులై, ఆగస్టుల్లో పగటి మ్యాచ్‌కి మాత్రం రాకండి. మన రెంటచింతల ఎండే అనుకోండి, గడ్డి మీద నీడ అస్సలు ఉండదు. రాజు గారు మధ్యాహ్నం అన్నారు కానీ ఆ నెలల్లో సాయంత్రమే నయం, అప్పుడు కారులో రండి.

ఫ్రీమాంట్_నాన్న:
అందరికీ చాలా థాంక్స్. సెక్షన్ వాసి గారూ, మీరు రాసింది మా వాడికి తెలుగులో చదివి వినిపించాను. "మరి నా టోపీ మీద ఏ ఊరు?" అని అడిగాడు, నాకేం చెప్పాలో తెలియలేదు. పుట్టినరోజు ఏప్రిల్‌లోనే కాబట్టి ఎండ సమస్య లేదు, రైల్లో శాక్రమెంటో వెళ్తాం. జూన్‌లో రైమండి పార్క్ కూడా చూపిస్తాను. ఆ రోజు మీకు వీలైతే మాతో రండి, కొలిసియం కబుర్లు వాడికి మీరే చెప్పాలి.