పాండవుల గుట్టకు, కేదార్‌కంఠకు ఒకే సాఫ్ట్‌షెల్ జాకెట్ చాలా?

గుట్టలబాట: అన్నా, మాది హనుమకొండ. ఆదివారాలు రేగొండ దగ్గరి పాండవుల గుట్టకు క్లైంబింగ్‌కు పోతుంటా, డిసెంబర్‌లో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ట్రెక్ ఉంది. నా పల్చటి విండ్‌చీటర్ ఇసుకరాయికి రాసుకుని మోచేతుల దగ్గర చిరిగింది, పైగా ఎక్కేటప్పుడు చెమటతో లోపలంతా తడిసిపోయి, ఆగగానే వణుకు. తేలికైన, గట్టి సాఫ్ట్‌షెల్ (గాలిని ఆపి, చెమటను బయటికి వదిలే సాగే జాకెట్) ఎలా ఎంచుకోవాలి?

రాతిమనిషి: తమ్ముడూ, ముందు లోపలి లేబుల్ చూడు. నైలాన్ ఎక్కువ, సాగడానికి కొంచెం ఎలాస్టేన్ ఉన్న నేత బట్ట అయితే రాపిడికి బాగా ఆగుతుంది. లోపల ఫ్లీస్ (వెచ్చగా ఉండే మెత్తటి నూగు బట్ట) అంటించినవి వద్దు, బరువు, మన దగ్గర జనవరి పొద్దున కూడా ఉక్కపోస్తాయి. 400 గ్రాముల లోపు దొరుకుతాయి. షాపులో వేసుకుని రెండు చేతులూ పైకెత్తి చూడు, అంచు నడుము దాటి లేస్తే హార్నెస్ (క్లైంబింగ్ తాడు కట్టుకునే నడుము పట్టీ) కింద నుంచి ఊడి వస్తుంది. జేబులు హార్నెస్ బెల్టుకు పైన ఉండాలి, జాకెట్‌కున్న టోపీ హెల్మెట్ మీదికి రావాలి.

చలిగాలి: ఒక్కటి మాత్రం మరిచిపోకు, సాఫ్ట్‌షెల్ రెయిన్‌కోట్ కాదు. చిన్న తుంపరను ఆపుతుంది, జోరు వానకు తడిసిపోతుంది. కేదార్‌కంఠ శిఖరం సుమారు 3,800 మీటర్లు, అక్కడ మంచులో ఆగినప్పుడు సాఫ్ట్‌షెల్ లోపల విడిగా ఒక ఫ్లీస్, పైన వాటర్‌ప్రూఫ్ పొర తప్పనిసరి. ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ కండిషనర్ వేయకు, నీళ్లు జారే పూత పనిచేయదు.

గుట్టలబాట: థాంక్స్ అన్నా, హార్నెస్ కూడా షాపుకు పట్టుకుపోతా.